వాల్టర్ మర్చ్ పుస్తకం, మా మిక్సింగ్ గదిలో

సినిమా ఎడిటింగ్ గురించి హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ చెప్పిన 'ఇన్ ద బ్లింక్ ఆఫ్ యాన్ ఐ' మీద నా మాట ఇది. ముందే చెప్పేస్తున్నా, ఈ పుస్తకం చదివితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాదు. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో ఇందులో ఒక్క ముక్క లేదు. ఆ ఆశతో కొన్నవాళ్ళు డబ్బులు దండగ అని ఒక స్టార్ ఇచ్చి పోతారు. నేను నాలుగు ఇస్తున్నాను. ఎందుకు నాలుగు, ఐదోది ఎందుకు ఆపాను అన్నది చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది.

నేను తెనాలిలో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. 1998లో రెండు వీసీఆర్‌లు, ఒక మిక్సరు, ఒక పాత టీవీతో మొదలుపెట్టాను. ఎడిటర్ అని నన్నెవరూ పిలవరు. మా బజార్లో నేను మిక్సింగ్ అబ్బాయిని, జుట్టు నెరిసినా అబ్బాయినే. మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు, వాడు హైదరాబాద్‌లో సినిమా కోర్సు చదువుతున్నాడు. నా వెనకాల స్టూలు వేసుకుని గంటసేపు చూసి, "మావయ్యా, అక్కడే ఎందుకు కట్ చేశావు?" అన్నాడు. "అక్కడ చెయ్యాలి కాబట్టి" అన్నాను. వాడు నవ్వేసి, ఊరెళ్ళేటప్పుడు ఒక చీటీ మీద పేరు రాసిచ్చాడు: వాల్టర్ మర్చ్, 'ఇన్ ద బ్లింక్ ఆఫ్ యాన్ ఐ'. అంటే రెప్పపాటులో అని. నాకు పదమూడు వందల చిల్లర పడింది. అట్ట మూల మడతపడి వచ్చింది, వెనక్కి పంపే ఓపిక లేక ఉంచేసుకున్నాను.

నాది అంతంతమాత్రం ఇంగ్లిష్. అయినా మొదటి సగం నాలుగు రాత్రుళ్ళలో అయిపోయింది. దానికి కారణం ఉంది. ఇది కూర్చుని రాసిన పుస్తకం కాదు. 1988 అక్టోబర్‌లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఎడిటింగ్ మీద ఆయనిచ్చిన ఉపన్యాసం. దాన్నే తరువాత సరిచేసి అచ్చేశారు. ముందుమాట 'గాడ్‌ఫాదర్' దర్శకుడు కొప్పోలాది. మనిషి ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది, కష్టమైన మాట వచ్చినా పక్క వాక్యంలో దాని అర్థం దొరికేస్తుంది.

మర్చ్ ఎవరో తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. 1943లో న్యూయార్క్‌లో పుట్టాడు, తండ్రి చిత్రకారుడు. చిన్నప్పుడే టేప్ రికార్డర్ పిచ్చి పట్టింది. వినపడ్డ శబ్దమల్లా రికార్డు చేసి, ఆ టేపును ముక్కలు కోసి, అటుది ఇటు అతికించి వినేవాడు. దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ సినిమా స్కూల్లో 'స్టార్ వార్స్' తీసిన జార్జ్ లూకాస్‌తో కలిసి చదివాడు. 1969లో కొప్పోలా, లూకాస్, ఈయన లాస్ ఏంజెలెస్ వదిలేసి శాన్ ఫ్రాన్సిస్కోలో సొంత సినిమా దుకాణం పెట్టారు. హాలీవుడ్ ఎడిటర్ అని అందరం అంటాం గానీ మనిషి తన పనిలో చాలా భాగం హాలీవుడ్‌కి ఐదారొందల కిలోమీటర్ల ఇవతల ఉండే చేసుకున్నాడు.

ఈయన ముందు సౌండ్ మనిషి, ఆ తరువాతే బొమ్మ మనిషి, అంటే దృశ్యాలు కోసేవాడు. 1972లో వచ్చిన 'గాడ్‌ఫాదర్'లో హోటల్ సీను గుర్తు తెచ్చుకోండి. హీరో మైకేల్ బాత్రూంలో దాచిన తుపాకీ తెచ్చుకుని మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. ఎదురుగా వాడు ఇటాలియన్‌లో ఏదో చెబుతుంటాడు, మనకి ముక్క అర్థం కాదు. కెమెరా మైకేల్ మొహం మీదే. వెనకాల ఒక రైలు కీచుమంటూ దగ్గరికొస్తుంది, మోత పెరిగిపోతుంది, కాలుస్తాడు. సంగీతం మాత్రం తుపాకీ కింద పడేశాక గానీ మొదలవదు. ఆ రైలు తెర మీద ఎక్కడా కనపడదు. అది మర్చ్ తెచ్చి పెట్టిన శబ్దం. నేనా సినిమా పదిసార్లు చూసి ఉంటాను. అక్కడ రైలు ఉందన్న సంగతే నాకు పట్టలేదు, నా గుండె మాత్రం ప్రతిసారీ పట్టుకుంది. ఈ పుస్తకం పుణ్యమా అని ఆయన పనులు వెతుక్కుంటూ పోతేనే ఇది తెలిసింది.

1974లో 'ద కాన్వర్సేషన్'. ఆయనకి బొమ్మ ఎడిటింగ్ చేతికొచ్చిన మొదటి పెద్ద సినిమా అదే. రహస్యంగా మాటలు రికార్డు చేసేవాడి కథ. పార్కులో తిరుగుతున్న ఒక జంట మాటలు రికార్డు చేస్తాడు. అందులో ఒక వాక్యం, అవకాశం దొరికితే వాడు మనల్ని చంపేస్తాడు అని. సినిమా అంతా ఆ ముక్క 'చంపేస్తాడు' మీద నొక్కి వినిపిస్తుంది, పాపం వీళ్ళని ఎవరో చంపబోతున్నారనుకుంటాం. చివర్లో అదే వాక్యం 'మనల్ని' మీద నొక్కు పడి వస్తుంది. అంటే వాడు మనల్ని చంపకముందే మనమే వాణ్ణి చంపాలని. కథ తలకిందులైపోయింది. ఆ రెండో రకం పలుకు, రికార్డింగప్పుడు నటుడు చెప్తే పనికిరాదని పక్కన పెట్టేసిందేనట! పారేసిన టేక్‌తో సినిమా ముగింపు తిరిగింది. నేను పారేసిన ఫుటేజీ తలుచుకుంటే భయం వేసింది.

తరువాత 'అపోకలిప్స్ నౌ' సౌండ్‌కి ఆస్కార్. 1996లో వచ్చిన 'ద ఇంగ్లిష్ పేషెంట్'కి సౌండ్‌కీ ఎడిటింగ్‌కీ రెండూ. ఒకే సినిమాకి ఆ రెండూ తీసుకున్న మనిషి ఈయనే. మొత్తం తొమ్మిది నామినేషన్లు, మూడు బహుమతులు. బహుమతుల సంగతి చాలు.

పుస్తకంలోకి వద్దాం. నన్ను మొదటి పేజీల్లోనే పట్టేసింది ఒక లెక్క. 'అపోకలిప్స్ నౌ' కోసం తీసిన ఫిల్ము పన్నెండున్నర లక్షల అడుగులు, 230 గంటల పైచిలుకు. తెర మీదకి వచ్చింది రెండు గంటల 25 నిమిషాల లోపు. ఉన్న ప్రతి నిమిషానికీ కనపడకుండా పోయినవి 95 నిమిషాలు. పనిచేసిన ఎడిటర్లనీ రోజులనీ సినిమాలోని కట్‌లనీ వేసి భాగిస్తే ఒక ఎడిటర్‌కి రోజుకి 1.47 కట్‌లు తేలాయట. రోజుకి ఒకటిన్నర! నేను ఒక్క హల్దీ పాటకే పూటలో రెండొందలు కోస్తాను. మరి మిగతా రోజంతా ఏం చేశారయ్యా అంటే, వేసి, చూసి, తీసేసి, మళ్ళీ వేశారు. దారి వెతకడానికే టైమంతా పోయింది, అతికించడానికి కాదు. వీడియో చేయించుకునే మా పార్టీలు "కట్ చేసి అతికించడానికి ఇంత తీసుకుంటావా" అన్నప్పుడల్లా ఈ పేజీ తీసి చూపించాలనిపిస్తుంది. చూపించను, పని పోతుంది.

ఇక అందరూ చెప్పుకునే ఆరు సూత్రాల లెక్క. కట్ ఎక్కడ చెయ్యాలన్నదానికి ఆయన మార్కులు వేశాడు. ఆ క్షణంలో మనసుకి తగలాల్సింది 51, కథ ముందుకెళ్ళడం 23, లయ 10, చూసేవాడి చూపు తెర మీద ఎక్కడుందో అది 7, చదునైన తెర మీద అన్నీ అమరే తీరు 5, మనుషులు నిజంగా నిలబడ్డ చోటు, దిక్కు 4. ఈ అంకెల్ని ఆయనే పూర్తి సీరియస్‌గా తీసుకోలేదనిపిస్తుంది, కొలిచి వేసినవి కావు. కానీ 51 అన్నదాంట్లో కిటుకుంది. మిగతా ఐదూ ఒక్కటై ఎదురు తిరిగినా దాన్ని ఓడించలేవు, అసెంబ్లీలో మెజారిటీ ఉన్నట్టు. ఏదైనా వదులుకోవాల్సి వస్తే కింద నుంచి వదులుకుంటూ రమ్మంటాడు. నేను పాతికేళ్ళకి పైగా తలకిందులుగా చేశాను. పెళ్లికూతురు కిందటి షాట్‌లో ఎడమవైపు ఉంటే ఈ షాట్‌లో కుడివైపు ఉందేంటని, అంటే ఆ నాలుగు మార్కుల కోసం, మంచి నవ్వులు ఎన్ని కోసి పారేశానో.

దీని పక్కనే ఇంకో అధ్యాయం ఉంది. ఎడిటర్ షూటింగ్ దగ్గరికి పోకూడదంటాడు. ఫ్రేము, అంటే కెమెరాలో పడ్డ బొమ్మ, దాని అంచు అవతల ఏముందో చూడకూడదంటాడు. ఒక షాట్ కోసం ఎంత చెమటోడ్చారో తెలిస్తే, ఆ చెమటకి మర్యాద ఇచ్చి షాట్ ఉంచేస్తావని. ఇక్కడ నాకూ ఆయనకీ పేచీ. మాలాంటి చోట తీసేదీ నేనే, కోసేదీ నేనే. కానీ మాట మాత్రం గుచ్చుకుంది. మొన్న వేసవిలో ఒక పెళ్లికి డ్రోన్ అద్దెకి తెచ్చాం. కొబ్బరితోట మీదుగా లేచి మండపం మీదకి దిగాలి. గాలి వల్ల ఆరుసార్లు పాడై, ఏడోసారి కుదిరింది, నేను ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాను. ఆ షాట్ 22 సెకన్లు యథాతథంగా పెట్టాను. వాళ్ళింట్లో చూపిస్తుంటే, పెళ్లికూతురి నాన్నమ్మ సరిగ్గా ఆ 22 సెకన్లలోనే మజ్జిగ తాగడానికి లేచింది. పుస్తకం చదివాక దాన్ని ఆరు సెకన్లు చేశాను. నా నలభై నిమిషాల ఎండ నాన్నమ్మగారికెందుకు?

ఇప్పుడు మా మేనల్లుడి ప్రశ్నకి జవాబు. నా మటుకు పదమూడు వందలూ ఈ రెండు పేజీలకే చెల్లు.

మర్చ్ ఏం చేస్తాడంటే, షాట్‌ని ఆడనిస్తాడు. ఆడుతుండగా, ఇక్కడ అని ఒళ్ళు ఉలిక్కిపడ్డ చోట ఆపుతాడు. ఏ ఫ్రేమో రాసుకుంటాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి, అంకె చూడకుండా, మళ్ళీ ఆడిస్తాడు, మళ్ళీ ఆపుతాడు. రెండుసార్లూ ఒకే ఫ్రేము మీద చెయ్యి పడితే అదే చోటు. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 కదలని బొమ్మలు. ఒకే ఫ్రేమంటే సెకనులో 24వ వంతు. పడకపోతే, ఆ షాట్ ఏం చెబుతోందో నీకింకా తెలియలేదన్నమాట.

నమ్మలేదు. పరీక్ష పెట్టాను. మన వీడియోలో సెకనుకి 25 ఫ్రేములు. జీలకర్ర బెల్లం సీను తీసుకున్నాను. అడ్డుతెర దించుతారు, అమ్మాయి తలెత్తుతుంది. ఇన్నేళ్ళూ తెర కిందికి జారగానే కట్ చేసి పెళ్లికొడుకు మొహం వేసేవాణ్ణి, ఊరంతా అక్కడే వేస్తారు. మూడుసార్లు ఆపి చూసుకుంటే మూడూ మూడు చోట్ల పడ్డాయి, మొదటిదానికీ మూడోదానికీ 19 ఫ్రేముల తేడా. దాదాపు ముప్పావు సెకను. పాతికేళ్ళకి పైగా చేస్తున్న పని, చెయ్యి ఇంత తేలిపోయిందేంటని సిగ్గేసింది. షాట్ మొత్తం మళ్ళీ చూశాను. అప్పుడు కనపడింది. తెర దిగాక ఆ అమ్మాయి పెళ్లికొడుకుని చూడనేలేదు. పంతులుగారి వైపు చూసి, చెయ్యి తియ్యమంటారా ఉంచమంటారా అన్నట్టు కనుబొమ్మలెత్తింది. ఆయన తలూపాడు. అప్పుడు, చిన్న నవ్వుతో, ఇటు తిరిగింది. నేను కోస్తున్న చోటికి ఇంకా రెండు సెకన్ల తరువాత ఉంది అసలు సంగతి. ఆ తిరగడం మొదలైన చోట ఆపడం మొదలుపెట్టాను. రెండుసార్లు ఒకే ఫ్రేము, మూడోసారి ఒక్కటి అటు. ఆ క్లిప్పు చూసి వాళ్ళింట్లో పడీపడీ నవ్వారు.

ఇక రెప్పల సంగతి, పుస్తకం పేరే అది కదా. 'ద కాన్వర్సేషన్' ఎడిటింగ్‌లో, తను కట్ చేద్దామనుకున్న చోటికి కాస్త అటూ ఇటుగా అందులో హీరో జీన్ హాక్‌మన్ రెప్ప వేస్తున్నాడని మర్చ్ గమనించాడు. మనిషి ఒక ఆలోచన ముగించి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు రెప్ప వేస్తాడు, కట్ కూడా అలాంటిదే అన్నది ఆయన వాదం. హాక్‌మన్ లాంటి నటుడి విషయంలో నిజమే అయ్యుంటుంది. మా దగ్గర హోమం పొగలో పెళ్లికూతురు నిమిషానికి యాభైసార్లు రెప్ప వేస్తుంది. ఆలోచన కాదు, ఆవుపిడక. సరదాకి కాదు, నిజంగానే ఈ అధ్యాయం నాకు సగమే ఎక్కింది. బంధువులు మాట్లాడే ఇంటర్వ్యూ ముక్కల్లో మాత్రం పనిచేసింది. మాట అయ్యాక రెప్ప దాకా ఉంచితే మనిషి మాట ముగించినట్టుంది, ముందే కోస్తే నోరు నొక్కినట్టుంది.

తేనెటీగల మాట ఒకటి బాగా చెప్పాడు. తేనెపట్టు పెట్టెని రాత్రికి రెండంగుళాలు జరిపితే ఈగలకి ఇబ్బంది లేదు. రెండు మైళ్ళ దూరం మోసుకెళ్ళినా చుట్టూ అంతా కొత్త కాబట్టి మళ్ళీ దారి నేర్చుకుంటాయి. రెండు గజాలు జరిపితేనే దిక్కు తప్పి చస్తాయట. కట్ కూడా అంతే, కొద్దిగా మారిన ఫ్రేముకి దూకితేనే కన్ను తడబడుతుంది. స్టేజీ ముందు రెండు కెమెరాలు పక్కపక్కనే పెట్టి తీసేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి ఈగల కథ చెబుతున్నాను.

జనానికి ముందుగా చూపించి అభిప్రాయం అడగడం గురించి రాసింది కూడా నాకు డబ్బులు మిగిల్చింది. మోచెయ్యి నొప్పి అంటే వైద్యుడు మోచేతికే ఆపరేషన్ చెయ్యడు, నరం భుజం దగ్గర నలిగిందేమో చూస్తాడు అంటాడు. మొన్నొక పార్టీ "అప్పగింతలు సాగుతున్నాయండీ, తగ్గించండి" అన్నారు. మామూలుగా అయితే అక్కడే కోసేవాణ్ణి. ఈసారి దాని ముందున్న గ్రూపు ఫోటోల వరస నాలుగు నిమిషాలు తీసేసి, అప్పగింతలు ముట్టుకోకుండా మళ్ళీ చూపించాను. "ఇప్పుడు బాగుందండీ, బాగా తగ్గించారు" అన్నారు.

ఐదో స్టార్ ఎందుకు ఆపానంటే, రెండో సగం. 2001 ముద్రణలో డిజిటల్ ఎడిటింగ్ మీద పెద్ద అధ్యాయం ఉంది. ఆవిడ్ అనే కంప్యూటర్ ఎడిటింగ్ సిస్టమ్ మీద చేసిన 'ఇంగ్లిష్ పేషెంట్' డిజిటల్‌గా కోసి ఎడిటింగ్ ఆస్కార్ తెచ్చుకున్న మొదటి సినిమా కాబట్టి ఆయనకి చెప్పే హక్కుంది. కానీ హార్డ్ డిస్కులు ఎంత పడతాయి, కంప్యూటర్ ఎంత ఖరీదు లాంటివన్నీ ఇప్పుడు చదివితే పాత రేట్ల బోర్డు చదివినట్టుంది. ఆ తరువాత రెండేళ్ళకే ఆయన 'కోల్డ్ మౌంటెన్'ని బజార్లో దొరికే మామూలు ఆపిల్ కంప్యూటర్ల మీద, ఫైనల్ కట్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో కోశాడు. ఆ కథ ఇందులో ఉండే వీలే లేదు. నేను ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేస్తాను, ఈ పేజీల్లో చాలావాటితో నాకు పని పడలేదు.

ఆ పాత సరుకు మధ్యలోనే ఒక మాణిక్యం ఉంది, దాటేయకండి. పాత ఫిల్ము మెషీన్లో పది నిమిషాల రీలు మీద, చివర్లో ఉన్న షాట్ కావాలంటే మొత్తం తిప్పుకుంటూ పోవాలి. విసుగే. కానీ తిప్పేటప్పుడు కళ్ళ ముందు నుంచి మిగతావన్నీ పరిగెడతాయి, అడగనిది దొరుకుతుంది. కంప్యూటర్ అడిగింది మాత్రమే ఇస్తుంది, మనకి కావలసింది ఎప్పుడూ మనం అడిగిందే కాదు అంటాడు. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. వీసీఆర్ రోజుల్లో తాళిబొట్టు ముక్క కోసం క్యాసెట్ తిప్పుతుంటే, ఎక్కడో వంటశాల దగ్గర ఒక పెద్దాయన గరిటెతో పులుసు రుచి చూసి మొహం పెట్టిన ముక్క కనపడేది. దాన్ని పట్టుకొచ్చి భోజనాల పాటలో వేసేవాణ్ణి, పెళ్లివారు అదే అడిగి అడిగి చూసేవాళ్ళు. ఇప్పుడు ఫోల్డర్లు: 01 స్నాతకం, 02 గౌరీపూజ, 03 ముహూర్తం. పులుసు పెద్దాయన ఏ ఫోల్డర్లో ఉంటాడు? ఈమధ్య ప్రతి పెళ్లికీ ఒక రాత్రి కేటాయించి, ఏమీ వెతక్కుండా, ఫుటేజీ మొత్తం రెండింతల స్పీడులో ఆడిస్తున్నాను. కరెంటు బిల్లు పెరిగింది.

మర్చ్ నిలబడి ఎడిటింగ్ చేస్తాడు. సర్జన్ కూర్చుని కోస్తాడా, వంటవాడు కూర్చుని వండుతాడా, నాట్యం కూర్చుని చేస్తారా అని అడుగుతాడు. సరే అని మానిటర్ తీసి మా ఇస్త్రీ బల్ల మీద ఇటుకలు పేర్చి పెట్టాను. మూడో రోజుకి మోకాళ్ళు ఒప్పుకోలేదు. నాలుగో రోజు మా ఆవిడ, "ఏవండీ, రేపు పిల్లాడికి స్కూలు, బల్ల ఖాళీ చేస్తారా లేదా" అంది. ఇప్పుడు ఉలికిపాటు పరీక్ష మాత్రం నిలబడి చేస్తున్నాను, మిగతాది కుర్చీలోనే. మానిటర్‌కి అటూ ఇటూ కాగితం మనుషుల్ని కత్తిరించి అంటించుకునేవాడట, బొమ్మ పెద్ద తెర మీద ఎంత ఉంటుందో మర్చిపోకుండా. నాకు తిరగేసి చెయ్యాల్సి వచ్చింది, మా పార్టీలు చూసేది ఫోన్లో. మానిటర్ పక్కన నా ఫోన్ నిలబెట్టి, అందులో కనపడని నవ్వు ఉందనుకోకూడదని పెట్టుకున్నాను.

కొనాలనుకునేవాళ్ళకి: 150 పేజీల లోపు పుస్తకం, సంచిలో పట్టేస్తుంది. బొమ్మలు చాలా తక్కువ. కొంటే 2001 నాటి రెండో ముద్రణే కొనండి. ఇంగ్లిష్ అస్సలు రానివాళ్ళకి కష్టమే, మా దగ్గర పనిచేసే కుర్రాడికి నేను సాయంత్రాలు పేజీ పేజీ చెబుతున్నాను. నిన్న తేనెటీగల దాకా వచ్చాం. "అన్నా, మరి రెండు గజాల ఈగలు నిజంగా చస్తాయా?" అని అడిగాడు. చస్తాయనే రాశాడు అని చెప్పాను.